పారశీక సారథి, పాతపేట గోంగూర

మొగిలికోటను ఏలే ఉద్దండరాయలకు రథాల పందెమంటే ప్రాణం. గుర్రాల పరుగు కన్నా జనం వేసే కేకలంటే ఇంకా ఇష్టం. ఆ రోజు మేడ మీద నుంచి చూస్తే మైదానంలో కేకలు వేసేవాళ్లే లేరు. కాపలా భటులు, కునుకు తీస్తున్న ముసలాయన, ఒక కుక్క. రథాలు మలుపు తిరుగుతుంటే ఆ కుక్క కూడా ఆవలించింది.

రాజుగారికి ఒళ్లు మండింది. జనానికి అక్కర్లేని పందెం తనకెందుకని, రథశాల మూసేసి సారథులందరినీ ఇళ్లకు పంపేయమన్నాడు.

ఆ మాట రథశాల అధ్యక్షుడు అనంగదేవుడి కొలువుకే ఎసరు. నెమలికన్నులు కుట్టిన తలపాగా పెట్టుకుని తిరిగే ఆయనే కిందటేడు ఊరి సారథులు మోటుగా ఉన్నారని వాళ్లని సాగనంపి, పారశీకుణ్ణీ యవనుణ్ణీ సింహళుణ్ణీ రప్పించాడు. ఊరివాడు ఎఱ్ఱన ఒక్కడే మిగిలాడు. మొదటి పందేనికి పారశీకుడి మీసాలు చూడ్డానికి ఊరంతా ఎగబడింది. చూసింది. అవే మీసాలు చూడ్డానికి మళ్లీ ఎవరొస్తారు?

తప్పంతా జనానిదేనన్నాడు అనంగదేవుడు. వాళ్లకి అభిరుచి లేదు, రానివాళ్లకి జరిమానా వేయండి, చీనా నుంచి ఇంకొందరిని తెప్పిస్తాను అన్నాడు.

రాజుగారి పక్కన తమలపాకుల అడపం పట్టుకుని నిలబడ్డ మాచన ఫక్కున నవ్వాడు. ఆకులు చుట్టి అందించడం అతని కొలువు. అందిస్తూ ఒక మాట విసరడం అలవాటు.

"నీకెందుకోయ్ నవ్వు?" అన్నాడు రాజు.

"సారథులు ఏ దేశం వాళ్లయితేనేం ప్రభూ. ఎవడు గెలిస్తే తమకి కడుపుమంటో, ఎవడు ఓడితే తమకి పండగో జనానికి తెలీదు. అది తెలిస్తే మంచం పట్టినవాళ్లు కూడా లేచొస్తారు."

అయితే వచ్చే పున్నమి పందేనికి రప్పించి చూపించమన్నాడు రాజు. ఉచిత భోజనాలు కూడదు, ఆటగత్తెలు కూడదు, సారథుల్ని మార్చకూడదు అని అనంగదేవుడు మెలికలు పెట్టాడు. మైదానం నిండకపోతే మాచన అడపం దించి వెళ్లిపోవాలి. మాచన దర్జాగా తలూపాడు. కానీ ఏం చేయాలో అతనికింకా తోచలేదు.

సాయంత్రం, ఆకులో గోంగూర అన్నం కట్టించుకుని రథశాలకి వెళ్లాడు. పారశీకుడు బెహ్రాము ఒంటరిగా గుర్రాన్ని తోముతున్నాడు. గెలిచినా ఎవరూ అరవరనీ, శ్మశానంలో గెలిచినట్టుంటుందనీ వచ్చీరాని తెలుగులో చెప్పుకున్నాడు. ఈ ఊళ్లో అందరూ తనని మీసాలాయన అంటారే తప్ప పేరు ఎవరికీ తెలీదట. మాటల్లోనే అన్నం లాగించి, కళ్లనీళ్లు కారుతున్నా ఆకు నాకేశాడు. వేలికి మిగిలిన గోంగూర గుర్రానికి చూపిస్తే అది వాసన చూసి, తుమ్మి, గడ్డి వైపు తిరిగింది.

అది చూడగానే మాచన ప్రాణం లేచొచ్చింది. తన ఎత్తు వివరించి, ఊరంతా తిట్టిపోస్తుందని ముందే హెచ్చరించాడు.

"పేరు పెట్టి తిడతారా?" అని అడిగాడు బెహ్రాము.

"పేరు పెట్టే తిడతారు."

"అయితే సరే."

మర్నాడు నడిబజారులో, గోంగూర వండి అమ్మే పాతపేట నాంచారమ్మ అంగడి ముందు నిలబడి బెహ్రాము గట్టిగా అన్నాడు.

"ఈ గోంగూర కన్నా గడ్డి నయం."

నాంచారమ్మ విసిరిన గరిటె అతని చెవి పక్కనుంచి పోయింది. మధ్యాహ్నానికి బెహ్రామనే పేరు తెలియని ఇల్లు లేదు. అన్నాళ్లూ ఎఱ్ఱనకి మజ్జిగ కూడా ఇవ్వని పాతపేట, అతని గుర్రాలకి దండలు వేసి బెల్లం మేపింది. పొద్దు వాలేసరికి, పాతపేటంటే గిట్టని కొత్తపేట లేచి, ఆ పారశీకుడు అన్నదాంట్లో తప్పేముంది, అది గడ్డే అంది. బెహ్రాము పేరిట జెండాలు కట్టింది. యవనుడి తరఫునా సింహళుడి తరఫునా కూడా వీధులు కొట్టుకున్నాయి, ఎందుకో వాళ్లకే తెలీదు.

పున్నమి నాడు మైదానంలో ఇసుక వేస్తే రాలలేదు. ఆ కేకలకి రాజుగారు పీఠం మీద కూర్చోలేకపోయారు. చివరి మలుపులో ఎఱ్ఱన, బెహ్రాము పక్కపక్కనే వచ్చారు. గుర్రం తలకాయంత తేడాతో బెహ్రాము గెలిచాడు.

మనవాడు ఓడాడు కనక జనం ఏడ్చుకుంటూ పోతారనీ, ఇక తిరిగి రారనీ అనంగదేవుడు రాజుగారి చెవిలో ఊదాడు.

"ఓడాడు కాబట్టే ప్రభూ, ఈసారి ఇంటిల్లిపాదీ వస్తారు," అన్నాడు మాచన.

నిజమే, ఎవరూ కదల్లేదు. నాంచారమ్మ ఎఱ్ఱనని నిలబెట్టి మలుపు ఎలా తిప్పాలో నేర్పుతోంది.

అనంగదేవుడు ఊరుకోలేదు. రాజ్యం తిండిని అవమానించిన పరదేశిని కొరడాతో కొట్టించాలన్నాడు. గోంగూర లేనిదే ముద్ద దిగని రాజుగారి మొహం మారింది. బెహ్రామును పిలిపించి, ఆ మాట అన్నావా అని అడిగాడు. మాచన అడపం పక్కన పెట్టి ముందుకొచ్చాడు. తన కొలువు సంగతి పోనీ, ఇప్పుడు ఆ మనిషి వీపు చిట్లిపోయేలా ఉంది.

"అన్నాడు ప్రభూ, గుర్రం తరఫున. దానికి మాటలు రావు కదా. కావాలంటే దాన్నే అడగండి."

గుర్రం ముందు ఒక పళ్లెంలో గోంగూర, ఒక పళ్లెంలో గడ్డి పెట్టారు. అది గోంగూర వాసన చూసి, రాజుగారి మీద తుమ్మి, గడ్డి అందుకుంది. రాజుగారు మీసం తుడుచుకుంటూ, నవ్వు ఆపుకుంటూ అడిగారు.

"మరి నీ సంగతి?"

బెహ్రాము నాంచారమ్మ దగ్గరికి నడిచి చెయ్యి చాపాడు. ఆమె అనుమానంగానే గోంగూర ముద్ద పెట్టింది. కళ్లనీళ్లు మీసాల దాకా కారుతుండగా మింగి, మళ్లీ చెయ్యి చాపాడు.

"ఇంకో ముద్ద, అమ్మా."

పాతపేట మొత్తం అతన్ని భుజాల మీదికి ఎత్తుకుంది. జెండాలు పట్టుకున్న కొత్తపేట ఒక్క క్షణం నోరు తెరిచి చూసి, వాడు ద్రోహి, ఇవాళ్టి నుంచి మావాడు ఎఱ్ఱనే అంటూ మైదానం మధ్యలోనే పక్షం మార్చేసింది.

ఉద్దండరాయలు పొట్ట పట్టుకుని నవ్వి, మెడలోని ముత్యాల హారం తీసి మాచన మెడలో వేశాడు. అనంగదేవుణ్ణి మాత్రం, వచ్చే పందేనికి మైదానం చాలదు, పోయి జనం కూర్చోడానికి ఇంకో నాలుగు అరుగులు కట్టించమన్నాడు.