పైడితల్లిని ఎవరూ అడగలేదు

"కణితి ఎంత చక్కెర లాక్కుంటోందో స్కాన్‌లో కనబడుతోంది. దాన్నిబట్టి మనిషి ఎన్నాళ్ళుంటాడో చెప్పేస్తున్నాం. ఇక రోగులతో, వాళ్ళ ఇంటివాళ్ళతో గంటలకొద్దీ మాటలెందుకు సార్?" అని అడిగాడు నిరంజన్. మెదడు కణితుల విభాగంలో సర్వేశ్వరంగారి దగ్గర అతనూ నేనూ శిష్యులం. కోపమొస్తే గురువుగారి గొంతు పెరగదు, తగ్గుతుంది. "బంగారయ్య భార్య ఎక్కడుంది?" అన్నారు, వినీ వినబడకుండా.

బంగారయ్య సముద్రంలో వేటకెళ్ళే మనిషి. ఆపరేషనూ, రేడియేషనూ అయ్యాయి. ముందురోజు స్కాన్‌లో కోసిన చోటే నిప్పుకణికలా వెలిగింది. కణితి మళ్ళీ లేచింది, ఆరు నెలలకు మించి బతకడు, ఇక మందులు దండగ అని నిరంజన్ వరండాలో నిలబడే చెప్పేశాడు. ఆయన భార్య పైడితల్లి మూటాముల్లె సర్దుకుని, డిశ్చార్జి కాగితం కోసం బెంచీ మీద కూర్చునుంది.

గురువుగారు వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నారు. "అమ్మా, నిన్న సూదేసి మీ ఆయన్ని గదిలో పడుకోబెట్టాక ఏం జరిగింది?"

ఆమె భగ్గుమంది. "ఇప్పుడడుగుతున్నారా బాబూ? అద్దంలోంచి సూసినాను. ఎడం సెయ్యి కొట్టుకుంది, మూతి వంకరపోయింది. ఫిట్సొచ్చిందని పరిగెట్టుకెళ్ళి సెప్పినాను. ఆ గది కాడ మాటాడకూడదంట! నోరుముయ్యమన్నాడు, ఇదిగో, ఈ బాబే. సదువుకున్నోళ్ళు, మీకు తెలీదేటి అని ఊరుకున్నాను."

నిరంజన్ తల దించుకున్నాడు. నాకైతే ఒళ్ళు మండిపోయింది. స్కాన్‌కు ముందు చక్కెర కలిసిన మందు సూది వేశాక రోగి గంటసేపు మాట్లాడకూడదు, కదలకూడదు. మెదడులో ఏ చోటు పనిచేస్తే ఆ చోటే చక్కెర లాక్కుంటుంది గనక ఆ నియమం. అది రోగికయ్యా! ఈ మహానుభావుడు భార్యకు అమలుచేశాడు. ఫిట్స్ వచ్చినా ఆ చోటు అలాగే వెలగొచ్చని మొదటి ఏడాది పిల్లలకూ తెలుసు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు.

గురువుగారు ఫిట్స్ మందు పెంచారు. కొన్నాళ్ళాగి స్కాన్ మళ్ళీ తీయమని రాసి, డిశ్చార్జి కాగితం చింపేశారు. పైడితల్లి మూట ఒళ్ళోంచి దించకుండానే, "అయితే బతుకుతాడా బాబూ?" అంది.

"తెలీదమ్మా" అన్నారాయన. తర్వాత నిరంజన్ వైపు తిరిగారు. "నిన్న కూడా మనకు తెలీదు."