గ్లాసులో పాచికలు

విశ్వపతి మాస్టారిని కారణం అడగడం దండగని ఆ గదికి వచ్చేవాళ్ళందరికీ తెలుసు. అడిగిన ప్రతిసారీ ఒక కారణం చెబుతారు. నిన్న చెప్పింది ఇవాళ చెప్పరు. తెనాలిలో ఒక హోమియో మందుల షాపు పైన ఉన్న ఆ గదిలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆరుగురు బల్ల చుట్టూ కూర్చుని కథల ఆట ఆడతారు. ఒకరు కథ నడుపుతారు, తక్కినవాళ్ళు తలా ఒక వేషం కడతారు. వేసిన బాణం తగిలిందా, దూకినవాడు గోడ దాటాడా అన్నది పాచిక తేలుస్తుంది. ఆటకు దిండంత నియమాల పుస్తకం ఉంది. ఆ పుస్తకంలో లేని ఆచారాలు మాస్టారి బల్ల దగ్గర ఇంకో దిండంత ఉన్నాయి.

ఆ రెండో దిండు మీదే హైమవతికి కోపం. ఆమెది మునిసిపల్ ఆఫీసులో ఇళ్ళ ప్లాన్లు సరిచూసే ఉద్యోగం. గీత అంగుళం జరిగితే చాలు, కాగితం వెనక్కి పంపేస్తుంది. నాలుగేళ్ళ కిందట మొదటిసారి ఆ మెట్లెక్కి వచ్చినప్పుడు ఆమెకు తొలి అక్షరం దగ్గరే మాట ఇరుక్కుపోయేది. ఇప్పుడు కాంట్రాక్టర్లను నిలబెట్టి కడిగేస్తోంది. అద్దం ముందు సాధన చేసి మాట తెచ్చుకున్నానంటుంది, అందులో అబద్ధం లేదు. మాస్టారికి వయసు మీదపడింది కాబట్టి కథ నడిపే కుర్చీ ఇక హైమవతిదేనని అందరూ అనుకున్నారు. కుర్చీ ఎక్కేముందు ఇల్లు ఊడ్చుకోవాలి కదా అని, ఒక ఆదివారం ఆమె ఆచారాలన్నీ కాగితం మీద రాసుకొచ్చింది.

"మాస్టారూ, ఇవేవీ పుస్తకంలో లేవు. వీటిలో ఏవి ఉంచాలి, ఏవి కొట్టెయ్యాలి?"

పాచికలు చేత్తో విసరకూడదు, స్టీలు గ్లాసులో వేసి రెండు చేతులా ఆడించి బల్ల మీద బోర్లించాలి. వంతు వచ్చినవాళ్ళు బల్ల మీద మూడుసార్లు తట్టాకే నోరు విప్పాలి. కథలో చచ్చిపోయినవాడి పేరు ఏడాది దాకా ఇంకొకరు పెట్టుకోకూడదు. ఇలా పదకొండు ఉన్నాయి. అన్నీ తాను చేరకముందు నుంచీ ఉన్నవేనని ఆమె లెక్క. గ్లాసెందుకని ఒకసారి అడిగితే, చేత్తో విసిరితే చప్పుడవుతుందని కింద షాపాయన గోలపెడుతున్నాడన్నారు మాస్టారు. గ్లాసు చప్పుడే ఎక్కువ కదండీ అంటే, చేతి చెమటకు పాచికల రంగు పోతుందన్నారు.

మాస్టారు కాగితం ఆసాంతం చదివారు. "వారానికొకటి కొట్టేసి చూడు. ముందు ఏది?"

"గ్లాసు."

ఆయన ఏదో అనబోయి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సరే. పై ఆదివారం కుర్చీ నీది."

పై ఆదివారం హైమవతి గ్లాసులన్నీ అలమర మీదికి ఎక్కించి, హైదరాబాదు నుంచి తెప్పించిన పచ్చటి పాచికలు బల్ల మీద పోసింది. దిలావర్ మురిసిపోయాడు. బైకులు బాగుచేసే మనిషి, ఆటలో కత్తివీరుడు. గుప్పెట్లో పాచికలు ఊది మరీ విసిరాడు. ఆట నిజంగానే చురుగ్గా సాగింది. మాస్టారు మూలన కూర్చుని మిరపకాయ బజ్జీ ఒకటి చేత పట్టుకున్నారు గానీ, కొరకలేదు.

భూషణం గారి విలుకాడు మాత్రం ఆ పూట ఎందుకూ కదల్లేదు. భూషణం గారు ముప్ఫై ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి మూసేసిన పెద్దాయన. భార్య పోయాక ఆయన ఇల్లు కదిలేది ఆదివారమే. ఏం జరిగినా, "నా విలుకాడు గుమ్మం దగ్గర కాపలా ఉంటాడమ్మా" అన్నారు. నాలుగుసార్లు అదే మాట. ఎప్పుడూ అందరికన్నా ముందు దూకే మనిషికి ఇవాళేమైందని హైమవతికి విసుగొచ్చింది. ఐదోసారి కొండచిలువ కత్తివీరుణ్ణి చుట్టేసింది.

"బాబాయిగారూ, నన్ను మింగేస్తోందండీ! వెయ్యండి బాణం!" అన్నాడు దిలావర్.

భూషణం గారు పాచిక తీసుకుని చెయ్యి బల్ల కిందికి దించేశారు. ఉంగరానికి తగిలి పాచిక టకటకలాడింది. విసిరీ విసరకముందే అది జారి, అలమర కిందికి దొర్లిపోయింది. ఆయన నవ్వబోయారు. "ఈసారికి నన్నొదిలెయ్యమ్మా. పై వారం మావాళ్ళ పెళ్ళి ఒకటి ఉంది, రాలేను. ఆపైన కూడా... కుదిరేట్టు లేదు."

ఆ టకటక ఎందుకో హైమవతికి అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళుగా ఈ గదిలో ఆయన టీ ముట్టకపోవడం, చేతులు ఒళ్ళోనే ఉంచుకోవడం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. నోరు తెరిస్తే మాట రాలేదు. బల్ల మీద మూడుసార్లు తట్టింది.

"ఛీ, ఇవేం పాచికలు! ఇంత డబ్బు పోసి కొంటే కాలు నిలవకుండా దొర్లిపోతున్నాయి. అలమరల కింద దూరి నేను ఏరలేను బాబూ. అందరూ గ్లాసులు తీసుకోండి." మొదటి గ్లాసు దిలావర్ ముందు పెట్టింది. భూషణం గారి వైపు చూడనైనా చూడలేదు.

ఆయన రెండు చేతులా గ్లాసు పట్టుకుని ఆడించారు. గ్లాసు పట్టుకున్నాక ఎవరి చేతులైనా ఊగుతాయి. బోర్లించి ఎత్తితే పడింది రెండు. బాణం కొండచిలువకు తగల్లేదు సరికదా, దిలావర్ తొడలో దిగింది. గది గొల్లుమంది. "విల్లు వంకరయ్యా, నాదేం తప్పు!" అని భూషణం గారు అందరికన్నా గట్టిగా నవ్వారు. వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర ఆగి, "పెళ్ళి శనివారమేనటమ్మా, ఆదివారం ఖాళీయే" అన్నారు.

అందరూ వెళ్ళాక హైమవతి గ్లాసులు ఒకదాంట్లో ఒకటి దోపుతూ, "ముందే చెప్పొచ్చు కదా మాస్టారూ, ఆయన కోసమని! ఎంత పాపం చెయ్యబోయాను!" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చెబితే ఇవాళంతా ఆయన చేతుల వంకే చూసేదానివి" అన్నారు మాస్టారు, చల్లారిపోయిన బజ్జీ కొరుకుతూ.

ఆమె కాగితం తీసి మళ్ళీ మొదటినుంచీ చదివింది. ఇప్పుడు అందులో ఒక్కొక్క ఆచారం వెనకా ఎవరో కూర్చుని ఉన్నట్టనిపించింది. రెండో దాని దగ్గర వేలు ఆగింది.

"మరి ఈ మూడుసార్లు తట్టడం ఎవరి కోసం మాస్టారూ?"

మాస్టారు ఈసారి కారణం కల్పించలేదు.

"నువ్వొచ్చిన రెండో ఆదివారం పెట్టాం. ఇక అక్కర్లేదనుకుంటే కొట్టెయ్యమ్మా."