చారలమ్మ కాపలా కాసిన గుడ్లు

మధ్యాహ్నం మూడు దాటింది. బయట సన్నగా వాన. టైలరు కొట్టు కిటికీ పక్కనున్న గాజుతొట్టిలోకి మబ్బు వెలుగే వస్తోంది.

తొట్టిలో గప్పీ చేప చుక్కమ్మకి నెలలు నిండాయి. తోక దగ్గరి మచ్చ నల్లబడింది. ఉన్నచోట ఉండలేకపోతోంది.

తొట్టికి ఈ చివర నాచు పొద. పుట్టిన పిల్లలు అందులో దూరితే బతికినట్టే. నిండు కడుపుతో చుక్కమ్మకి ఆ ఇరుకు చాలదు, బయటే కనాలి. బయట ఏంజెల్ చేప చారలమ్మ ఉంది. పోయిన కాన్పులో ఒక్క పిల్లనీ మిగల్చలేదు.

"ఏమే చుక్కమ్మా, మొగుడు పోయి ఇన్నాళ్లయింది, మళ్లీ పురుడేమిటే?" అంటూ వచ్చింది చారలమ్మ.

"ఆయన ఇచ్చింది కొంత కడుపులోనే దాచుకున్నాను వదినా."

"బాగానే దాచావు. ఇంతకీ గుడ్లెక్కడ పెడతావు? మా ఇళ్లల్లో అయితే ఆకు శుభ్రంగా తుడిచి, వరసగా అంటించి, రెక్కలతో విసురుతూ కూర్చుంటాం. మర్యాదస్తుల పురుడంటే అదీ! నీకు చేతకాదు గానీ, చోటు చెప్పు. నేను కాపలా కాస్తాను."

చుక్కమ్మ గుండె ఝల్లుమంది. అంతలోనే కుదుటపడింది. గుడ్లు అంటోంది! తన గుడ్లు కడుపులోనే పగులుతాయనీ, బయటికొచ్చేది ఈదే పిల్లలేననీ దీనికి ఇంకా తెలీదన్నమాట. పోయినసారి తిన్న పిల్లలు ఏ ఆకు కింది గుడ్లలోంచి వచ్చినవో అనుకుని ఉంటుంది.

"ఆ చివర వెడల్పాటి ఆకు కింద గుడ్లున్నాయి వదినా," అంది. అబద్ధం కాదు. పొద్దున నత్తవ్వ పెట్టినవి అక్కడే ఉన్నాయి.

చారలమ్మ రివ్వున పోయింది. గుడ్డుగా తింటే ఏముంది, పిల్లయి కదిలేటప్పుడు తింటే రుచి అనుకుంటూ ఆకు ముందు బైఠాయించింది.

"నా గుడ్లకి భలే ఆయాని కుదిర్చావే," అంది నత్తవ్వ ఇటువైపు అద్దం మీద పాకుతూ, గొంతు తగ్గించి. "దాని సంగతి సరే, నీ నోరు జాగ్రత్త. ఈ తొట్టిలో పిల్లల్ని మింగిన తల్లులు లేరా?"

"అందుకే పొద్దుటి మేత గొంతుదాకా తిన్నాను అవ్వా."

నొప్పులు మొదలయ్యాయి. ఒక్కో పిల్ల చుట్టచుట్టుకుని జారడం, ఒళ్లు విప్పుకోవడం, పొదలోకి ఉరకడం. చుక్కమ్మ నోరు బిగించుకుంది. పదిహేడు వెళ్లాయి. పద్దెనిమిదోది, ఆఖరుది, నలకంత పిల్ల, ఈదలేక అడుగున గులకరాళ్ల మీద పడింది.

"ఏమిటే ఆ అలికిడి?" చారలమ్మ ఇటు తిరగబోయింది.

"వదినా! గుడ్లకి విసురుతున్నావా లేదా? బూజు పట్టేస్తాయి!"

"అయ్యో, ఊరికే చూస్తూ మరిచేపోయాను!" చారలమ్మ ఆకు వైపు తిరిగి రెక్కలు టపటపలాడించింది. మర్యాదస్తుల ఇంటిది కదా, విసరడమంటే అలాంటిలాంటి విసురు కాదు. నీళ్లు అద్దానికి తగిలి అడుగునుంచి వెనక్కి మళ్లాయి. గులకరాళ్ల మీది పిల్లని దూదిపింజలా ఎత్తి పొద దాకా తోసేశాయి. అది లోపల దూరింది.

చుక్కమ్మకి అప్పుడు ఊపిరి తిరిగింది.

విసిరి విసిరి ఆకలేసింది చారలమ్మకి. ఇక ఆగలేక గుడ్లు నోట వేసుకుంది. బంకబంకగా జిగురు. "థూ! ఏమిటివి?"

"నా గుడ్లే తల్లీ," అంది నత్తవ్వ. "పోనీలే, ఇంకో నాలుగు చోట్ల పెట్టాను."

"మరి నీ గుడ్లేవే, చుక్కమ్మా?"

"నేను గుడ్లు పెట్టను వదినా. పిల్లల్నే కంటాను."

చారలమ్మ పొద దగ్గరికి పరుగున వచ్చింది. మూతి పట్టింది గానీ ఒళ్లు పట్టలేదు. మూతికి అంటిన నాచు తుడుచుకుంటూ వెనక్కి పోయింది.

అందరి ఇళ్లూ తన ఇల్లులాగే ఉంటాయనుకున్నవాళ్లకి, ఎదురుగా జరిగేది కూడా కనపడదు.

చుక్కమ్మ పొదకి అడ్డంగా నిలబడి లెక్కపెట్టింది. పదిహేడు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. ఆఖరుది అక్క తోక వెనక నక్కి ఉంది. పద్దెనిమిది.