తుమ్మెదగుండు దుర్గం: తలుపుల్లేని వాకిట గడపమ్మ

తుమ్మెదగుండు దుర్గానికి వచ్చే భక్తులు దిగువ ఊరి నుండి రాతిమెట్ల దారిన ఎక్కి రావాలి. సున్నం వాడకుండా బండ మీద బండ పేర్చి కట్టిన గోడలు కొండకు మొలనూలు చుట్టినట్టు కనిపిస్తాయి. పైన వాననీరు నిలిచే రాతి దోనలు, ధాన్యపు కొట్లు, సగం కూలిన నగారా మంటపం నేటికీ ఉన్నాయి. ఏనుగులు పరుగున వచ్చి ఢీకొనకుండా పై వాకిలి దారిని పాము మెలికలా తిప్పి కట్టారు. ఆ మెలిక చివర, తలుపులు లేని వాకిట, గడప పక్క రాతిలో కూర్చున్న స్త్రీమూర్తే గడపమ్మ తల్లి.

పూర్వం ఈ దుర్గాన్ని కోనప్ప నాయకుడనే దళవాయి ఏలుతుండగా, బోయ గుర్రప్ప పై వాకిలికి కావలి ఉండేవాడు. ఆయన ఇల్లాలు ఓబులక్క. ఒక ఎండాకాలం శత్రుసేన దిగువ పల్లెలకు నిప్పు పెట్టింది. జనం పిల్లలను చంకనెత్తుకొని, ముసలివారిని వీపున మోసుకొని కొండెక్కసాగారు. వారి వెనుకనే శత్రువుల ఈటెలు మెరిశాయి.

దళవాయి వాకిటికి వచ్చి, "దోనల్లో నీళ్ళు మనకే చాలవు. తలుపులు మూయి గుర్రప్పా," అన్నాడు.

గుర్రప్ప ఉప్పు తిన్నవాడు. తలుపు మీద చేయి వేశాడు. కానీ ఓబులక్క వచ్చి గడప మీద చతికిలబడింది.

"లెయ్ ఓబులా, దొర మాట," అన్నాడు గుర్రప్ప.

"మూసేట్టయితే నా మీదనే మూయి," అందామె.

"వాళ్ళల్లో నీ వాళ్ళెవరైనా ఉన్నారా?" అని దళవాయి అడిగాడు.

"ఎవరూ లేరు సామీ. అయినా ఎక్కొస్తా ఉండారు గదా!"

దళవాయి వాకిలి అడ్డం నుండి పక్కకు తప్పుకున్నాడు. గుర్రప్ప చేయి తలుపు మీద నుండి దానంతట అదే జారింది. జనం ఓబులక్క పక్కగా ఒరుసుకుంటూ లోపలికి వచ్చారు. చివరన ఒక కుంటి ముసలమ్మ మెలిక దగ్గర కూలబడిపోయింది. ఓబులక్క పరుగున వెళ్ళి ఆమెను ఎత్తుకొచ్చింది. ముసలమ్మను గడప దాటించిందే గానీ తాను దాటలేదు. వెన్నులో బాణం దిగి గడప మీదనే ఒరిగింది.

గుర్రప్ప ఆమెను లోపలికి లాక్కొని తలుపులు మూసినా, శత్రువులు తాటిదూలంతో వాటిని పగలగొట్టారు. కోటలో సిపాయిలు గుప్పెడుమంది. దళవాయి ఆశ వదులుకున్నాడు. అప్పుడు, ఇందాక ఎక్కి వచ్చిన పల్లెజనమే ఆడా మగా ఏకమై, గోడ కోసం పోగేసిన బండలను పైనుండి మెలికలోకి, శత్రువుల మీదికి దొర్లించారు. చూస్తుండగానే దారి పూడిపోయింది. శత్రువు దిగువనే విడిది చేశాడు. దోనల నీటిని అందరూ దోసెడు దోసెడుగా పంచుకొని తాగారు. దోనలు అడుగంటే వేళకు తొలకరి కురిసింది. వాగులు పొంగి, దండుకు తిండి తెచ్చే బండ్ల దారి తెగగా శత్రువు వెనుదిరిగాడు.

బండలు తొలగించాక వడ్రంగులు కొత్త తలుపులు తెచ్చారు. దళవాయి వాటిని చూసి కన్నీరు పెట్టుకొని, "ఈ వాకిలికి తలుపు పెట్టే అర్హత నాకు లేదు," అన్నాడు. ఆయనే శిల్పి చేత ఓబులక్క మూర్తిని చెక్కించాడు. నాటి నుండి ఆమె గడపమ్మ.

గుర్రప్ప మాత్రం కావలి మానలేదు. తలుపు మీద చేయి వేసిన క్షణం ఆయనను బతికినంతకాలం కాల్చింది. కొండెక్కి వచ్చిన ప్రతి ఒక్కరినీ, "ఎనకాల ఎవరైనా ఉండారా?" అని అడిగి, ఆ చివరి మనిషి వచ్చేదాకా తానే ఎదురుచూసేవాడు.

నేటికీ ఆయన వంశస్థులే ఇక్కడ పూజారులు. జట్టుగా వచ్చినవారిలో అందరికన్నా వెనుకబడినవారు చేరేవరకు హారతి ఇవ్వరు. వారి చేతనే ముందుగా గడప దాటిస్తారు. ఇలా దర్శించినవారి ఇంట దూరమైనవారు తిరిగి కలుస్తారని నమ్మకం. ఒంటరిగా వచ్చినవారినీ పూజారి నాడు గుర్రప్ప అడిగిన మాటే అడుగుతాడు. వారు కూడా ఒక్కసారి వెనుదిరిగి, మెట్ల దారి కిందిదాకా చూసి, "ఎవరూ లేరు" అని చెప్పిన తరువాతనే లోపలికి అడుగు పెట్టాలి.