వకుళమ్మ ఎంచుకున్న బండి

అనగనగా మేఘాలకోన అని ఒక చిన్న రాజ్యం. ఎప్పుడో యుగాల నాటి మాట అనుకునేరు! రాజులు గుర్రాలు దిగి మోటారు సైకిళ్ళు ఎక్కుతున్న కాలం అది. కోటలో సింహాసనమూ ఉండేది, కోట ముందు పెట్రోలు బంకూ ఉండేది. నవ్వకండి, నవ్వితే కథ ఆపేస్తాను.

ఆ రాజ్యాన్ని నీలకంఠ భూపతి ఏలేవాడు. మంచివాడే. కాకపోతే నలుగురూ ఏమనుకుంటారో అన్న బెంగ ఒకటి ఆయన్ను ఎప్పుడూ పీడించేది.

కోట ఉన్న ఊళ్ళోనే పశువులకు వైద్యం చేసే ఆవిడ ఒకతె ఉండేది. పేరు వకుళ. అందరూ వకుళమ్మ అనేవారు. ఆవు కడుపుకు చెవి ఆనించి, లోపల ఏం జరుగుతోందో ఇట్టే చెప్పేసేది.

కోనకు అవతల, కొండ మీద కొన్ని గూడేలు ఉండేవి. అక్కడి వాళ్ళకు పశువులే సిరి, పశువులే సంపద. కానీ ఏటా తొలకరి పడితే చాలు, పశువులకు గొంతువాపు రోగం వచ్చేది. పొద్దున మేతకు వెళ్ళిన ఎద్దు సాయంత్రానికి ఉండేది కాదు. ముందుగానే సూదిమందు వేస్తే ఆ గండం గడిచేది.

ఆ మందు మంచుపెట్టెలో చల్లగా ఉండాలి. మంచు కరిగిందా, మందు నీళ్ళపాలే. నడిచి వెళితే దారిలోనే కరుగుతుంది. జీపులో వెళదామంటే దారి ఇరుకు. సగం దూరం తారురోడ్డు, ఆ పైన అంతా రాళ్ళు, నడుమ ఒక వాగు. అందుకే ఎత్తుగా, గట్టిగా, రెండు పక్కలా పెట్టెలు మోయగలిగే మోటారు సైకిలు ఉండాలి.

కిందటేడు వకుళమ్మ మోపెడ్ ఆ రాళ్ళ దారిలోనే ప్రాణం విడిచింది. ఆవిడ పరుగు పరుగున గూడెం చేరేసరికి మంచు మొత్తం కరిగిపోయింది. అక్కడ లచ్చిమి అనే ఆవిడ ఖాళీ గుంజ పక్కన కూర్చుని ఉంది. ఏడవలేదు, తిట్టలేదు. "వచ్చే ఏడు కొంచెం ముందుగా రా తల్లీ, ఇంకో పెయ్య మిగిలింది" అంది. తిట్టినా బాగుండేది! ఆ మాట వకుళమ్మ గుండెలో ముల్లులా ఉండిపోయింది.

వేసవి చివర్లో ఆవిడ రాజుగారి దగ్గరకు వెళ్ళింది. "ప్రభూ, నాకు కొండెక్కే బండి ఒకటి ఇప్పించండి. ఈసారి మందు ఆలస్యమైతే ఆ గూడేల వాళ్ళకు నా మొహం చూపించలేను" అంది.

"ఒక్కటే ఇప్పించగలను వకుళమ్మా, మళ్ళీ అడగకూడదు. నువ్వే చూసుకుని చెప్పు" అన్నాడు రాజు.

మేఘాలకోనలో బండి అమ్మకానికి ఒక ఆచారం ఉంది. అమ్మేవాడు బండి నడపాలి. కొనేవాళ్ళు వెనక కూర్చోవాలి. అలా కొండ దారిలో కొంత దూరం వెళ్ళి రావాలి. అమ్మేవాడి నోరు చెప్పని సంగతులు అతను బండి నడిపే తీరు చెబుతుందని అక్కడి వాళ్ళ నమ్మకం.

వకుళమ్మ ముందుగా కనకలింగం శెట్టి దుకాణానికి వెళ్ళింది. అక్కడ సరికొత్త బండి ఉంది. అబ్బ, ఏం మెరుపు! సీటుకు ప్లాస్టిక్ కవరు, అద్దాలకు ప్లాస్టిక్ కవరు, ఆఖరికి కాలు పెట్టుకునే చోటుకూ ప్లాస్టిక్ కవరే. శెట్టి ఆవిణ్ణి వెనక కూర్చోబెట్టుకుని మెత్తగా పోనిచ్చాడు. తారురోడ్డు అయిపోగానే ఆపేశాడు.

"రాళ్ళ మీదకు పోనివ్వండి శెట్టిగారూ."

"అమ్మమ్మ! గీతలు పడతాయమ్మా! కొత్త బండి కదా, కొన్నాళ్ళు పువ్వుల్లో పెట్టి చూసుకోవాలి."

"ఎన్నాళ్ళు?"

"వానలు వెళ్ళేదాకా" అన్నాడు శెట్టి. అబద్ధం చెప్పలేదు, పాపం.

తర్వాత తిరుమలేశం అనే దళారి దగ్గరకు వెళ్ళింది. అతని బండి పాతదే, కానీ రంగు వేయించి కొత్త పెళ్ళికొడుకులా నిలబెట్టాడు. "ఒక్క చెయ్యే నడిపిందమ్మా! అదీ ఒక డాక్టరుగారు, ఆదివారం పూట, గుడికి వెళ్ళి రావడానికి. అంతే! చీమకు కూడా తగిలించలేదు" అన్నాడు.

బండి కదిలింది. కదలగానే తిరుమలేశం గొంతెత్తి పద్యం అందుకున్నాడు. మలుపు వస్తే రాగం తీస్తాడు. ఎత్తు వస్తే ఇంకా పైకి తీస్తాడు.

"కాసేపు పాడకండి బాబూ" అంది వకుళమ్మ.

తిరుమలేశం పద్యం మానేసి దగ్గడం మొదలుపెట్టాడు. దగ్గీ దగ్గీ అలిసిపోయి ఊపిరి పీల్చుకున్నాడు. ఆ కాస్త సేపట్లో ఇంజను లోపల టకటకమని ఇనుము ఇనుమును కొట్టుకుంటున్న చప్పుడు వినపడనే వినపడింది. పశువుల పొట్టలకు చెవి ఆనించే మనిషికి అది తెలియదా! ఇంతలో ఎత్తు మీద బండి ఆగిపోయింది.

"నీడ బాగుందని ఆపానమ్మా" అన్నాడు తిరుమలేశం. తల మీద ఎండ మాడ్చేస్తోంది, చుట్టుపక్కల ఒక్క మొక్కయినా లేదు! వకుళమ్మ నవ్వు ఆపుకుని నడిచి వచ్చేసింది.

ఆఖరుగా గురవప్ప ఇంటికి వెళ్ళింది. గురవప్ప ఏళ్ళ తరబడి కొండ మీది తేనె, చింతపండు బండి మీద సంతకు చేరవేసిన మనిషి. ఇప్పుడు చూపు మందగించి బండి అమ్మేస్తున్నాడు. ఆ బండిని చూస్తే ఎవరికీ కొనాలనిపించదు. ఒంటి నిండా గీతలు, ట్యాంకుకు సొట్ట.

"అమ్మా, ముందు లోపాలు చెబుతాను, ఆ తర్వాత ఎక్కు" అన్నాడు గురవప్ప. "వెనక బ్రేకు అరిగింది, మార్చాలి. కుడి పెట్టె గడియ వదులు, తాడు కట్టకపోతే మూత ఊడుతుంది. వాగు దాటాక నీళ్ళు తగిలి బండి ఆగిపోతుంది. కంగారుపడకు. ప్లగ్గు టోపీ ఊడదీసి, పొడిగుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టి తన్ను. మొండికేస్తుంది గానీ లేస్తుంది."

"మరి మంచి గుణాలో తాతా?"

"అవి నేను చెప్పడమెందుకు? ఎక్కు!"

ఎక్కింది. పట్టపగలు, తనకు కొట్టినపిండి అయిన దారి కావడంతో గురవప్ప జంకు లేకుండా పోనిచ్చాడు. తారురోడ్డు దాటాడు, రాళ్ళు ఎక్కాడు, వాగులో దిగాడు. అవతలి గట్టున బండి ఆగింది. తుడిచాడు, తన్నాడు, లేచింది. అంతే, వకుళమ్మ మనసు కుదిరిపోయింది.

కోటకు వెళ్ళి "గురవప్ప బండి ఇప్పించండి ప్రభూ" అంది.

మంత్రి ధర్మాజీ ముక్కు మీద వేలేసుకున్నాడు. "శివశివా! రాజముద్ర వేయించే బండికి సొట్టలా? పొరుగు రాజు చూస్తే ఏమనుకుంటాడు ప్రభూ? మన ఖజానా ఖాళీ అయిందనుకోడూ?"

ఏమనుకుంటాడో అన్న మాట వినగానే రాజుగారు మెత్తబడిపోయారు. "కొత్తదే కొందాంలే వకుళమ్మా. కొత్తది చెడ్డదా ఏం?"

"చెడ్డది కాదు ప్రభూ. కానీ దాన్ని రాళ్ళ మీదకు పంపుతారా?"

"భలేదానివే! పంపడానికే కదా కొనేది" అన్నాడు మంత్రి.

కొత్త బండి వచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. గుమ్మడికాయ కొట్టారు. పసుపు, కుంకుమ, బంతిపూల దండ, దిష్టి తగలకుండా నల్లతాడు! మేళతాళాలతో కోట చుట్టూ ఒక్క చుట్టు తిప్పి తెచ్చి, దేవిడీలో నిలబెట్టారు. ప్లాస్టిక్ కవర్లు మాత్రం తీయలేదు. తీస్తే పాతబడిపోతుందట!

అంతలో ఆషాఢం వచ్చింది. వెనకే తొలకరీ వచ్చింది. మందు సిద్ధం చేసుకుని వకుళమ్మ బండి అడిగింది.

"కొత్త బండిని ఆషాఢంలో పొలిమేర దాటించకూడదమ్మా. శ్రావణం రానీ" అన్నాడు మంత్రి.

"రోగం శ్రావణం దాకా ఆగుతుందా అయ్యా?"

అదే వేళకు గూడెం నుంచి ఒక మనిషి రొప్పుతూ వచ్చాడు. "అమ్మా, ఎద్దు ఒకటి పడిపోయింది. గొంతు వాచింది. మిగతావి ఇంకా బాగానే ఉన్నాయి. తొందరగా రా" అన్నాడు.

వకుళమ్మ మంత్రి వంక చూసింది. మంత్రి నసిగాడు, గడ్డం గోక్కున్నాడు. "పోనీ ఒక పని చెయ్యి. తారురోడ్డు అయ్యేదాకా బండి మీద వెళ్ళు. అక్కడ దాన్ని గుడ్డ కప్పి నిలబెట్టి, నడిచి వెళ్ళు" అన్నాడు.

ఆవిడకు ఒళ్ళు మండింది. "ఆ గుడ్డేదో మీరే కప్పుకోండి!" అని గిరుక్కున తిరిగి, నేరుగా గురవప్ప ఇంటికి వెళ్ళింది.

"తాతా, నీ బండి కావాలి. కొనే మాట తర్వాత."

"కొనే మాట ఎవరడిగారు తల్లీ! బ్రేకు మొన్ననే కొత్తది వేయించాను. గడియ సంగతీ, వాగు సంగతీ మాత్రం అలాగే ఉన్నాయి. మర్చిపోకు" అన్నాడు గురవప్ప.

పాత బండికి ఆషాఢమేమిటి, శ్రావణమేమిటి! వకుళమ్మ కుడి పెట్టెలో మంచుపెట్టె దించి, మూత మీదుగా తాడు బిగించి కట్టింది. పొడిగుడ్డను ప్లాస్టిక్ సంచిలో చుట్టి బొడ్డున దోపుకుంది. బయలుదేరింది.

జోరున వాన. రాళ్ళ మీద బండి ఎగిరెగిరి పడింది, మూత ఊడలేదు. దిగుడులో టైరు జారబోయింది, బ్రేకు పట్టింది. వాగులో నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. అవతలి గట్టు ఎక్కగానే బండి గప్‌చుప్‌. తెలియనివాళ్ళయితే అక్కడే కూలబడి ఏడ్చేవాళ్ళే. వకుళమ్మ కొంగు చాటు చేసి, ప్లగ్గు టోపీ తుడిచి పెట్టింది. తన్నింది. లేవలేదు. తన్నింది. లేవలేదు. "నీకు దణ్ణం పెడతాను, లేవవే!" అని మళ్ళీ తన్నింది. భగ్గుమని లేచింది!

గూడెం చేరి మూత తీసేసరికి మంచు ఇంకా గడ్డకట్టే ఉంది. పడిపోయిన ఎద్దు దక్కలేదు. మిగతా పశువులన్నిటికీ, గూడెం గూడెం తిరిగి, సూదిమందు వేసింది. అన్నిటికంటే ముందు లచ్చిమి పెయ్యకు. లచ్చిమి ఈసారి మాత్రం ఏడ్చింది. వకుళమ్మ కూడా ఏడ్చింది. మందు పట్టి, ఆ ఏడు ఇంకే గుంజా ఖాళీ కాలేదు.

ఈ సంగతి రాజుగారి చెవిన పడింది. ఆయన తిన్నగా దేవిడీలోకి వెళ్ళి, కొత్త బండికున్న కవర్లన్నీ పరపరా చింపేశాడు. "ఎక్కండి మంత్రిగారూ వెనక!" అన్నాడు. "ప్రభూ, ఆషాఢం..." అంటుండగానే బండి పొలిమేర దాటింది. రాళ్ళు ఎక్కింది, వాగు దాటింది, గూడెం చేరింది. తిరిగి వచ్చేసరికి బండి నిండా బురద, గీతలు. మంత్రిగారి తలపాగా ఏ ముళ్ళకంపలో ఉండిపోయిందో నేటికీ ఎవరికీ తెలియదు.

"ఇదీ మంచి బండేనయ్యా. మనమే దీన్ని దేవిడీలో కట్టేసి దండగ చేశాం" అన్నాడు రాజు. ఆ బండీ వకుళమ్మకే ఇచ్చాడు. పాత బండి కూడా ఆవిడ పేరనే కొందామని గురవప్పను పిలిపించాడు.

"గురవప్పా, ఒక్క మాట అడుగుతాను. లోపాలన్నీ నువ్వే చెప్పుకుంటే బండి ఎవరు కొంటారు? అమ్ముడుపోదేమోనన్న భయం లేదా నీకు?"

గురవప్ప చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఉంది ప్రభూ, ఎందుకుండదు! కానీ కొన్నాక ఆ వాగు దగ్గర ఈ తల్లి ఒక్కతే ఉంటుంది. అప్పుడు చెబుదామంటే నేను పక్కన ఉండను కదా!"

రాజు సింహాసనం దిగి వచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు.

కాబట్టి పిల్లలూ, కొత్తదైనా పాతదైనా మనం వెళ్ళవలసిన దారికి పనికొచ్చేదే మంచి వస్తువు. దాని లోపం దాచకుండా చెప్పి ఇచ్చేవాడే మంచి మనిషి.