రమ్మనా, పొమ్మనా

అనగనగా, మబ్బులు తలుపు తట్టకుండానే ఇళ్ళలోకి వచ్చేసే ఒక ఊళ్ళో, బుద్ధిమాయ అని ఒక ఆవిడ ఉండేది. పేరులో బుద్ధీ ఉంది, మాయా ఉంది. ఏది ఎక్కువో కథయ్యాక నువ్వే చెప్పు.

ఆ ఊరు మన ఊరిలా చెమటలు పట్టే ఊరు కాదు పండూ. హిమాలయాల్లో, బాగా పైన. అక్కడ చెట్లక్కూడా చలే. ఒళ్ళంతా నాచు కప్పుకుని నిలబడతాయి. వాటి కింద వేలెడు లావు కూడా లేని సన్నటి వెదురు. ఆ వెదురాకు తింటూ, ఆ చెట్ల మీద పడుకుంటూ ఒక జంతువు బతుకుతుంది. పిల్లికంటే కాస్త పెద్దది. వీపంతా నిప్పు రంగు, పొట్టా కాళ్ళూ మసి రంగు, మొహం మీద సున్నం పూసినట్టు తెల్లటి మచ్చలు. తోక ఎంత లావంటే, చలేస్తే దాన్నే దుప్పటిలా మొహం మీదికి లాక్కుంటుంది. ఆ ఊరివాళ్ళు దాన్ని హాబ్రే అంటారు.

"ఎర్ర పాండానా అమ్మమ్మా?"

అదే. నీ పుస్తకంలో ఎర్ర పాండా, ఆ ఊళ్ళో హాబ్రే. ఇక మధ్యలో మాట్లాడకుండా విను.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. ఏ పిల్లయినా రెండు చేతులూ పైకెత్తి నిలబడిందంటే, ఎవరి పిల్లయినా సరే, ఎత్తుకోవాల్సిందే. నెత్తి మీద కట్టెలమోపు ఉన్నా దించి ఎత్తుకోవాలి. ఎత్తుకోకుండా దాటిపోతే ఆ పూట ఇంట్లో అన్నం ఉడకదని వాళ్ళ నమ్మకం.

బుద్ధిమాయ ముందు మాత్రం ఏ పిల్లా చేతులెత్తేది కాదు. ఆవిడ గొంతు పెద్దది. నడక విసురు. ముద్దుగా పిలిచినా కసిరినట్టే ఉండేది. ఆవిడ వస్తుంటే పిల్లలు వాళ్ళమ్మల వెనక్కి దూరేవాళ్ళు. "రాకపోతే నాకేం పోయింది?" అనేది పైకి. లోపల మాత్రం పోయేది.

ఒకరోజు ఆవిడ వెదురు మొలకలు ఏరడానికి అడవికి వెళ్ళింది. వాటితో కూర వండుకుంటారులే. పొద పక్కకి తప్పించి చూసేసరికి ఎదురుగా రాయి మీద హాబ్రే. అది ఉలిక్కిపడింది. వెనక కాళ్ళ మీద లేచింది. రెండు చేతులూ పైకెత్తింది.

బుద్ధిమాయ ఒళ్ళు ఝల్లుమంది. తన ముందు చేతులెత్తిన మొదటి ప్రాణి అది. ఎత్తుకుందామని ఒక అడుగు వేసింది. అది గబగబా చెట్టెక్కేసింది. 'సిగ్గుపడింది పాపం' అనుకుంది.

అప్పుడు ఇంటికొచ్చి ఊరంతా చెప్పింది. తోటికోడలు జునేలి పకపకా నవ్వింది.

"మనింట్లో పిల్లే నీ ఒళ్ళోకి రాదు కదక్కా! అడవిలోది వచ్చి ఎత్తుకోమందా?"

"రేపు నాతో రా. నీ కళ్ళతోనే చూద్దువుగాని."

మర్నాడు జునేలి వెళ్ళింది. జునేలి వెనక ఇంకో పదిమంది వెళ్ళారు. వెదురు పొద అడ్డంగా ఉందని బుద్ధిమాయ కొడవలి ఇచ్చింది. "నరకండి, అందరికీ బాగా కనపడాలి" అంది. నరికారు. అది హాబ్రే కంచంలో కూడు అని ఒక్కళ్ళకీ తట్టలేదు.

హాబ్రే మళ్ళీ లేచి చేతులెత్తింది. ఈసారి బుస్సుమంది కూడా. "మాట్లాడుతోంది!" అన్నారు జనం. జునేలి ఇంక నవ్వలేదు.

ఆ తర్వాత అది చెట్టు తొర్రలో దూరి, ఏదో నోట కరుచుకుని బయటికొచ్చింది. చూస్తే కూన. ఇంకా కళ్ళు కూడా తెరవలేదు. దాన్ని మోసుకుంటూ వేరే చెట్టుకి పోయింది.

"చూశారా? బిడ్డని నాకు చూపించడానికి తెచ్చింది" అంది బుద్ధిమాయ.

చూపించడమూ లేదు, ఏమీ లేదు. జనానికి జడిసి ఇల్లు ఖాళీ చేస్తోంది.

ఇక బుద్ధిమాయని పట్టడానికి లేదు. ఊటనీళ్ళ దగ్గర బిందె పెట్టి మరీ చెప్పేది. "నా గొంతు పెద్దదంటారుగా! మరి దానికి లేదే ఆ భయం?" అనేది. పిల్లల తల్లులు తలలూపేవాళ్ళు. ఆ తలలు ఊగుతుంటే ఆవిడకి ఎంతో బాగుండేది.

మూడోసారి, "ఇవాళ ఎత్తుకుంటాను, రండి" అని కొత్త శాలువా భుజాన వేసుకుని బయల్దేరింది. ఊరంతా వెంట నడిచింది. ముసలివాళ్ళు, చంటిపిల్లలు, వాళ్ళ వెనక కుక్కలు.

వాళ్ళు వెళ్ళేసరికి హాబ్రే కూనని కరుచుకుని చెట్టు దిగుతోంది, మళ్ళీ చోటు మార్చడానికి. అంతమందిని చూసి కూనని నాచు మీద వదిలేసింది. లేచి నిలబడింది. చేతులెత్తింది. బుద్ధిమాయ శాలువా చాపి వంగింది.

అప్పుడు జునేలి వాళ్ళ నల్లకుక్క, కాలే అని దాని పేరు, జనం కాళ్ళ సందుల్లోంచి దూకి మొరిగింది. హాబ్రే గిర్రున కుక్క వైపు తిరిగింది. అవే చేతులు. అంతే ఎత్తు. అదే బుస.

జునేలి కుక్క మెడ పట్టి వెనక్కి లాగింది. జునేలి చంకలో ఉన్న కూతురు అడిగింది.

"పెద్దమ్మా, కాలేని కూడా ఎత్తుకోమంటోందా?"

ఆ పిల్ల వెక్కిరించలేదు. తెలీక అడిగింది. వెక్కిరించి ఉంటే బుద్ధిమాయ ఎదురు తిట్టి గట్టెక్కేది. ఇప్పుడు తిట్టడానికి ఎవరూ లేరు. చెవులు వేడెక్కిపోయాయి. చాపిన శాలువా ఎలా మడవాలో తెలియలేదు. హాబ్రే మొదటిరోజు నుంచీ ఒకటే మాట చెబుతోంది. నేను ఇంత పెద్దదాన్ని, దగ్గరికి రాకు, పో అని. కుక్కకి ఏం చెప్పిందో తనకీ అదే చెప్పింది.

ఆలోపే హాబ్రే పైకొమ్మకి చేరింది. కూన కిందే ఉండిపోయింది.

"పొండి! అందరూ పొండి!" అని అరిచింది బుద్ధిమాయ. ఆ గొంతు ఆ ఒక్కసారికి పనికొచ్చింది. జనం వెళ్ళిపోయారు.

ఆవిడ వెళ్ళలేదు. కుక్కలు తిరిగొస్తాయేమోనని కూనకి కాపలా కూర్చుంది. కూన చలికి సన్నగా కీచుమంటోంది. శాలువా కప్పబోయింది. మళ్ళీ చెయ్యి వెనక్కి తీసుకుంది. ముట్టుకోవడానికి మొహం చెల్లలేదు.

ఎండ కొండ అవతలికి జారింది. తల్లి సగం చెట్టు దిగింది, ఆగింది, మళ్ళీ ఎక్కింది. ఇంకోసారి దిగింది, ఎక్కింది. మూడోసారి సగంలో కొమ్మ మీదే లేచి నిలబడి, బుద్ధిమాయని చూస్తూ, చేతులెత్తింది.

కాపలా అనుకుని కూర్చుంది కదా, దాని కళ్ళకి తనూ ఆ నల్లకుక్కా ఒకటే. ఆవిడ లేచింది. శాలువా తీసుకుని ఊరి దారి పట్టింది. వెనక్కి తిరగాలని మెడ ఒకటే పీకింది. తిరగలేదు.

మర్నాడు జనం బయల్దేరారు, కూన ఏమైందో చూసొద్దామని. చూస్తే బాటకి అడ్డంగా బుద్ధిమాయ నిలబడి ఉంది. రెండు చేతులూ పైకెత్తి ఉంది. కళ్ళు మాత్రం నేల మీద.

"అక్కా, ఒక్కసారి చూసొస్తాం" అంది జునేలి.

ఆవిడ చేతులు దించలేదు. జునేలి ఆ చేతుల వంక చూసింది. "సరే అక్కా. వెళ్ళంలే" అంది. అందరూ వెనక్కి మళ్ళారు.

ఆ తర్వాత ఆ ఊళ్ళో కుక్కల్ని కట్టేశారు. ఆ వాలులో కొడవలి పెట్టడం మానేశారు. నరికిన చోట వెదురు మళ్ళీ లేచింది. ఆచారం కూడా కొంచెం మారింది. ఎవరు చేతులెత్తినా ఇప్పుడు నాలుగడుగుల దూరంలో ఆగి ముందు అడుగుతారు, "రమ్మనా, పొమ్మనా?" అని.

బుద్ధిమాయా అడిగేది. ఒకరిద్దరు పిల్లలు రమ్మన్నారు. చాలామంది పొమ్మన్నారు. పొమ్మంటే పోయేది.

"మరి కూన బతికిందా అమ్మమ్మా?"

తెలీదు.

"కథే కదా! బతికిందని చెప్పు."

చెప్పను. చూసిరావడానికి ఆవిడకే మొహం లేకపోయింది. నేనెలా చూసొస్తాను? ఎవరైనా అడిగితే తల దించుకుని పక్కకి తప్పుకునేదట. అంతవరకే తెలుసు. ఇక కళ్ళు మూసుకో.

వెదురాకు కొండకి,
చలిగాలి మబ్బుకి,
కథేమో కంచికి,
నిద్రేమో నీ కంటికి.