మిట్ట మీది బడి మూయను

పిల్లలూ, అనగనగా అడవి అంచున జంతువులు కట్టుకున్న పట్నం ఒకటి ఉండేది. ఆ పట్నంలో రెండు బడులు ఉండేవి. ఒకటి పాతపేటలో, మిట్ట మీద ఉన్న పాత బడి. రెండోది వాగు పక్కన, లోతట్టులో కొత్తగా కట్టిన బడి.

మిట్ట మీది బడిలో సింగారమ్మ అనే ముంగిస పాఠాలు చెప్పేది. పాతపేట కుందేళ్లు చాలావరకు కొత్త పేటలకు వెళ్లిపోయాయి. అందుకని ఆమె బడిలో పిల్లలు తగ్గిపోయారు. కప్పు కూడా కారుతోంది.

ఒకరోజు పట్నం పెద్ద వీరభద్రయ్య సభ పెట్టాడు. ఆయన అడవిదున్న. ఆయనకు సలహాలు చెప్పే కొంగ ముందుకొచ్చింది.

"మిట్ట మీది బడి సగం ఖాళీగా ఉంది. దాన్ని కూల్చేద్దాం. పిల్లల్ని వాగు పక్క బడికి పంపేద్దాం. ఆ రాళ్లతో మన సభకు మంచి అరుగు కట్టుకోవచ్చు," అంది కొంగ.

సింగారమ్మ లేచి నిలబడింది.

"పెద్దయ్యా, ఈ ఏడు ఎంతమంది పిల్లలున్నారో చూశారు. ముందు ముందు ఎంతమంది వస్తారో చూశారా? అవతలి కొండ తగలబడ్డాక జింకలన్నీ మా పేటకే వచ్చి చేరుతున్నాయి. చాలా జింకలు కడుపుతో ఉన్నాయి. ఆ పిల్లలకు బడి వద్దా? పైగా వాగు పక్క బడి పల్లంలో ఉంది. పెద్ద వాన పడితే మునుగుతుంది."

"పుట్టని పిల్లలకు బడి ఏంటమ్మా!" అని కొంగ నవ్వింది. సభంతా నవ్వింది.

"పంతులమ్మా, బడి మూసెయ్," అన్నాడు వీరభద్రయ్య.

"మూయను," అంది సింగారమ్మ.

మర్నాడు కొంగ బడికి వచ్చింది. "కొత్త బడిలో నీకు పెద్ద గది ఇప్పిస్తాను," అని ఆశ పెట్టింది. సింగారమ్మ పాఠం ఆపలేదు.

ఆ తర్వాత కప్పు పీకడానికి కోతులు వచ్చాయి. అప్పటికే తల్లిదండ్రులంతా బడి చుట్టూ కూర్చున్నారు. గుమ్మంలో ముళ్లపంది ముళ్లన్నీ నిక్కించి కూర్చుంది. "రండి నాయనా, నా మీదుగా వెళ్లండి," అంది. కోతులు తోకలు సర్దుకుని వెళ్లిపోయాయి.

చివరికి వీరభద్రయ్యే వచ్చాడు. కొమ్ములు వంచి, గిట్టతో నేల గీరాడు.  అయినా సింగారమ్మ ఆయన ముందుకే నడిచింది.

"కూల్చాలంటే మీకు ఒక్క పూట చాలు పెద్దయ్యా. మళ్లీ కట్టాలంటే ఎన్నేళ్లు పడుతుందో ఆలోచించారా? నేను కదలను."

దున్న ఆమెను పొడవలేకపోయాడు. "అయితే మీ చావు మీరు చావండి. ఈ బడికి పట్నం నుంచి గడ్డిపోచ కూడా రాదు," అని వెళ్లిపోయాడు.

అన్నట్టే సాయం ఆగిపోయింది. పేటవాళ్లే గడ్డి కోసుకొచ్చి కప్పు నేశారు. సింగారమ్మ ఎన్నో పూటలు అర్ధాకలితో పాఠం చెప్పింది. బడి మాత్రం ఒక్కరోజూ మూయలేదు.

జింకపిల్లలు పుట్టారు, పెరిగారు, బడికొచ్చారు. బడి నిండిపోయింది. ఆ ఏడే పెద్ద వాన కురిసింది. వాగు పొంగి కింది బడిలోకి నీళ్లొచ్చాయి. పిల్లలందరూ తడిసి ముద్దయి మిట్ట ఎక్కారు. వెనకే వీరభద్రయ్య, ఆయన వెనకే కొంగ వచ్చారు.

"పిల్లలూ, లోపలికి రండి. ఇరుక్కుని కూర్చుందాం," అంది సింగారమ్మ. తర్వాత గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "పెద్దయ్యా, మీరు ఆగండి."

"పిల్లలకు ఈ వానాకాలం ఇక్కడ గడిస్తే చాలమ్మా," అన్నాడు దున్న.

"చాలదు. ఏ పేటలో పిల్లలు పెరుగుతున్నారో, ఏ నేల మునుగుతుందో ముందే చూసి బడులు కట్టాలి. తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి అడగకుండా ఏ బడీ మూయకూడదు. అందరి ముందూ మాటివ్వండి."

కొంగ ఏదో అనబోయింది. "నువ్వు ఊరుకో," అన్నాడు వీరభద్రయ్య. వానలో తడుస్తూనే, పేటంతా వినేలా మాటిచ్చాడు.

అప్పుడు సింగారమ్మ గుమ్మం వదిలింది. "రండి. మీకు వెనక వరసలో చోటుంది," అంది.

నీతి: ఈరోజున్న పిల్లల్నే కాదు, రేపు రాబోయే పిల్లల్నీ తలుచుకుని బడి కట్టాలి. పెద్దలు అది మరిచిపోతే, భయపడకుండా ఎదురు నిలవాలి.